పడవల కొట్టం మీదుగా ఒక గీత

హెల్గెలాండ్ తీరంలోని ఆ చిన్న దీవిలో ఇంగ్వాల్డ్ వంశం వాళ్లు మామూలుగా మాటకారులే. చేపల దగ్గరికొచ్చేసరికి మాత్రం నోటికి తాళం వేసుకునేవారు. ఇంగ్వాల్డ్ తలుపంత హాలిబట్‌ చేపను ఒడ్డుకు లాక్కొచ్చిన ప్రతిసారీ ఎక్కడ పడిందని జనం అడిగేవారు. సముద్రంలో అనేవాడు. డెబ్బై ఒక్క ఏళ్లలో అంతకంటే వివరంగా చెప్పిన పాపాన పోలేదు.

నీళ్ల మీద గీత గీస్తే నిలవదు కనుక అక్కడివాళ్లు ఒడ్డునే గుర్తులు చూసుకుంటారు. ఇంగ్వాల్డ్‌కు చర్చి గోపురం ఎదుటి చిన్న లంక కొసకు ఆనినట్టు కనబడాలి. అప్పుడే పక్కింటి బోర్గిల్డ్ పడవల కొట్టం కప్పు వెనక కొండలోని గండికి సూటిగా రావాలి. ఆ రెండు గీతలూ కలిసిన చోట గాలం వెయ్యాలి. కాస్త అటూ ఇటూ అయితే మిగిలేది చలే. తండ్రి ఈ సంగతి మంచం పట్టాక గానీ చెప్పలేదు. ఇంగ్వాల్డ్ భార్యకు కూడా చెప్పలేదు. పాపం సిగ్నే, పోయేదాకా అడుగుతూనే ఉంది. పిల్లలు లేరు.

ఆ ఏప్రిల్లో బోర్గిల్డ్ తన కొట్టం పడగొట్టిస్తానని దుకాణంలో నలుగురి ముందూ అంది. మొగుడు పోయాడు, పడవ అమ్మేసింది, ఖాళీ కొట్టం దేనికి? ఇంగ్వాల్డ్ కొనాల్సింది కొనకుండానే ఇంటిదారి పట్టాడు. కొట్టం పోతే చేపల చోటూ పోతుంది. ఉంచమని అడిగితే ఎందుకో చెప్పాలి. చెబితే నాలుగు తరాలు దాచుకున్నది మంటగలుస్తుంది. మూడు రోజులు గాలం ముట్టుకోలేదు. నాలుగో రోజు తారు డబ్బా పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

కప్పు తానే బాగుచేస్తానన్నాడు. గోడలకు తారు పూస్తానన్నాడు. అలాంటి కలప ఇప్పుడు దొరకదన్నాడు. ఆమె కాఫీ పోసి, రొట్టె మీద జున్ను పెట్టి ఇచ్చి, అన్నీ ఓపిగ్గా వింది.

"ఏమయ్యా, నీ ఇల్లు కారుతుంటే బక్కెట్లు పెట్టుకుంటావు. నా కొట్టం మీద ఇంత ప్రేమేంటి?"

ఇంగ్వాల్డ్ మళ్లీ కలప సంగతి ఎత్తాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నిరుడు గుమ్మం ముందు చెట్టు కొట్టిస్తానన్నాను, నువ్వు రాలేదు. క్రిస్మస్ ముందు జెండా కర్ర పీకిస్తానన్నాను, అప్పుడూ రాలేదు. కొట్టం అనేసరికి డబ్బాతో సహా దిగావు. ఇంగ్వాల్డ్ గుర్తు మన దొడ్లోనే ఎక్కడో ఉందే అని మా ఆయన చచ్చేదాకా ఒకటే గొడవ."

ఇంగ్వాల్డ్‌కు ఒళ్లు మండింది. ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. ఇంత ఆరా తీసిన మనిషి ఇంకొకరు బతికి లేరు. తను పోతే ఆ చోటు కూడా తనతోనే పోతుందన్న దిగులు ఎన్నేళ్లుగా గుండెల్లో ఉందో అతనికి అప్పుడు తెలిసింది.

"గుర్తు ఒక్కటే ఉండదుగా. రెండోదేది?" అంది బోర్గిల్డ్.

అతను కాఫీ పూర్తిగా తాగి, కప్పు బోర్లించాడు.

"నోటితో చెప్పేది కాదు. రేపు పొద్దున్నే పడవ దగ్గరికి రా."