ద్రాక్ అంటే

తిరుపతిలో ఒక కాలేజీలో ఇరవై ఏళ్ళు ఫ్రెంచి చెప్పాను. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే. అలిపిరి దగ్గర కొయ్యబొమ్మలు అమ్మే ఆయన ఒక రోజు మా ఇంటికి వచ్చి, రుమేనియా నుంచి వచ్చిన ఉత్తరం చూపించాడు. ఆ దేశపు పంతులమ్మ ఎవరో తన భాషలోనే రాసింది.

"పిల్లోళ్ళ నాటకానికి కొయ్య ముఖాలు కావాలంట. ఫోన్లో పెడితే తెలుగులో వస్తాదంటమ్మా" అన్నాడు.

"నేనుండగా ఫోనెందుకు?" అన్నాను.

నిజానికి రుమేనియన్ నాకు రాదు. అదీ ఫ్రెంచిలాగే లాటిన్‌లోంచి పుట్టిన భాష కదా అనే ధైర్యం. ఉత్తరంలో 'ద్రాక్' అన్న మాట కనిపించింది. ఇటాలియన్‌లో ద్రాగో, స్పానిష్‌లో ద్రగోన్, ఫ్రెంచిలో ద్రగోఁ. అన్నిటికీ అర్థం నిప్పులు కక్కే రెక్కల పామే. ఇదీ అంతేననుకున్నాను. మర్నాడు దుకాణానికి వెళ్ళి, అక్కడ బొమ్మలు చెక్కే పెద్దాయనకు అదే చెప్పాను.

ఆయన ఉత్తరం వెనక గీసి ఉన్న చిన్న బొమ్మను చూపించాడు. "ఈడ కొమ్ములు, గడ్డం గీసినారు. పాముకు గడ్డం యాడుంటాదమ్మా?"

"వాళ్ళ దేశంలో అట్లాగే ఉంటుంది. నువ్వు చెక్కు" అన్నాను, నాకన్నా పదేళ్ళు పెద్దాయనతో.

నెల రోజులు చెక్కాడు. ఫోటోలు పంపితే, ఈసారి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. మేము అడిగింది పామును కాదు, సైతాన్ని అని. రుమేనియన్‌లో ద్రాక్ అంటే సైతాను. రెక్కల పాముకు వాళ్ళ మాట వేరే ఉంది, బలావుర్.

దుకాణం ఆయన నా ఎదుటే ఆ పెద్దాయన మీద లేచాడు. "అమ్మ సరిగ్గానే చెప్పుంటాది. నీకే ఎక్కలా."

పెద్దాయన నావైపు చూశాడు. నేను చేతిలోని టీ గ్లాసు చూస్తూ కూర్చున్నాను. "మళ్ళా సెక్కతాలేప్పా" అన్నాడు పెద్దాయన.

వారం రోజులు గడిచాయి. చివరికి పెద్దాయన ఇంటికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను.

"తెలుసమ్మా" అన్నాడు ఉలి ఆపకుండానే. "అది నాకు సెప్పేదానికి ఇంత దూరం రావల్లా? ఆయప్ప ముందర సెప్పింటే సాలు."

నేరుగా దుకాణానికి వెళ్ళి చెప్పాను. "పోనీలేమ్మా, అయిందేదో అయిపోయింది" అని దుకాణం ఆయన నవ్వేశాడు. నన్ను తిట్టలేదు. తిట్లన్నీ అప్పటికే ఇంకొకాయన తినేశాడు.

కొత్త ముఖాలు బాగున్నాయని రుమేనియా నుంచి రాశారు. పెద్దాయన ఇప్పటికీ నేను కనబడితే నమస్కారం పెడతాడు. నాకు మాత్రం ఆయన కళ్ళలోకి చూసే ధైర్యం రాలేదు.