చివరి మాట నుంచి

వీధిలో అందరూ ఆమెను ప్రూఫులమ్మ అనేవారు. అచ్చాఫీసులో ముప్పై నాలుగేళ్ళు తప్పులు దిద్దిన మనిషి. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ముఖ్యమైన పేజీని చివరి మాట నుంచి మొదటి మాటకు, వెనక్కి చదివేది. ముందు నుంచి చదివితే అర్థం కళ్ళు కప్పేస్తుందనీ, లేని అక్షరం ఉన్నట్టే తోస్తుందనీ ఆమె అనుభవం.

అంతటి మనిషి ఒక తప్పును పట్టుకోలేకపోయింది. తానే చేసింది అనడం న్యాయం. చిన్నతనంలో తమ్ముడికి అక్షరాలు నిలిచేవి కావు. వాడికి దెబ్బలూ, తోటిపిల్లల నవ్వులూ తప్పించాలని రోజూ సాయంత్రం పాఠం తనే చదివి వినిపించేది. ఒక్కసారి వింటే చాలు, మర్నాడు వరుసల మీద వేలు జరుపుతూ గడగడా అప్పజెప్పేవాడు. ఐదేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు. ఆరో ఏడాది మాస్టారు ఎన్నడూ చూడని పుస్తకం చేతికిచ్చారు. వాడు వేలు పెట్టి, నోరు తెరిచి, అలాగే నిలబడిపోయాడు.

"ఇన్నాళ్ళూ మోసం చేశావన్నమాట" అన్నారాయన.

పదహారేళ్ళకు వాడు ఇల్లు వదిలాడు. తర్వాత వాడి నుంచి ఏడాదికొక కార్డు వచ్చేది. చిరునామా ఎవరి చేతిరాతో; వెనకవైపు ఖాళీ. ఏడు వచ్చి ఆగిపోయాయి.

ఇప్పుడు ఎనిమిదేళ్ళ మనవరాలికి డిస్లెక్సియా, అంటే తెలివున్నా అక్షరాలు కూడబలుక్కోలేని ఇబ్బంది, అని తేలింది. అది మొదలు, పిల్ల పక్కగదిలో పుస్తకం తెరిస్తే చాలు, ప్రూఫులమ్మకు తమ్ముడి గొంతు వినిపించేది. తడబాటన్నది లేని గొంతు.

ఊళ్ళో ఇలాంటి పిల్లలకు రెండు శిక్షణాకేంద్రాలున్నాయి. సోమవారంలోగా ఒకదానిలో చేర్చకపోతే మళ్ళీ ఆర్నెల్లు ఆగాలి. మొదటి చోట గోడల నిండా రంగులు. ఒక పాప లేచి బొమ్మలకథ ఎక్కడా ఆగకుండా చదివింది.

"మూడు నెలల్లో ఇంత మార్పమ్మా" అన్నాడు నిర్వాహకుడు.

కూతురి కళ్ళు చెమర్చాయి. "చూశావా అమ్మా? ఆలస్యం అమృతం విషం. ఇంకా నీ తూకాలేనా?"

ప్రూఫులమ్మ బొమ్మ మీద అరచెయ్యి పెట్టింది. "చివరి మాట నుంచి వెనక్కి చదువు తల్లీ."

పాప వేలు చివరి మాట మీద ఆగింది. నోరు తెరుచుకుంది. మాట రాలేదు. అలా నిలబడడం ప్రూఫులమ్మ ఎరిగినదే. "తప్పు నీది కాదమ్మా" అని పుస్తకం మూసింది.

రెండో చోట ఒకే గది. ముందు అక్షరాల ధ్వని, తర్వాత గుణింతం, ఆపైన ఒత్తులు. ఒక మెట్టు నిలిచేదాకా మరో మెట్టు లేదు. పిల్లలు "కిమటు, లోబస" అని చదువుతున్నారు.

"ఇదేం చదువమ్మా, మంత్రాలా?" కూతురు గొణిగింది.

టీచరమ్మ విననే విన్నది. "అర్థముంటే ఊహించేస్తారండీ. వీటితో ఊహ సాగదు."

"ఎన్నాళ్ళు పడుతుంది?" అడిగింది ప్రూఫులమ్మ.

"రెండేళ్ళు. ఎక్కువైనా పట్టొచ్చు."

"అందరికీ వచ్చిందా?"

టీచరమ్మ రిజిస్టరు తెరిచింది. "ఇరవైముగ్గురిలో నలుగురికి పెద్దగా ఉపయోగపడలేదు. వాళ్ళ పేర్లూ ఇందులోనే ఉన్నాయి, చూడండి."

తన తప్పులను తానే రాసిపెట్టుకున్న చోటును ప్రూఫులమ్మ నమ్మింది.

దారిలో కూతురు రుసరుసలాడింది. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. రెండేళ్ళపాటు క్లాసులో దాన్ని చూసి నవ్వరూ?"

"నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడే మీ మావయ్యకు పాఠాలన్నీ చదివి వినిపించాను. చివరికి వాడికి చదువూ రాలేదు, ఇల్లూ మిగల్లేదు."

ఇల్లు వదిలిన మావయ్య ఒకడున్నాడని తప్ప కూతురికి ఇంకేమీ తెలియదు. నడక ఆపి తల్లి ముఖంలోకి చూసింది. సోమవారం తనే వెళ్ళి పిల్లను రెండో చోట చేర్చింది.

ఏడోవారంలో ఒక సాయంత్రం పిల్ల పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టింది. "అమ్మమ్మా, ఒక్కసారి చదివి పెట్టవా? తర్వాత నేను చెప్పేస్తా."

అక్షరం పొల్లుపోకుండా తమ్ముడి మాటే. ప్రూఫులమ్మ చూపు కార్డులున్న సొరుగు మీదికి పోయింది.

"చదవను. పక్కన కూర్చుంటాను."

"నువ్వు చెడ్డదానివి" అంది పిల్ల. చాలాసేపటికి వేలు పెట్టింది. "ప... ల..." ఆగింది. "ప... ల... క."

పక్కగదిలో గడగడా సాగే తమ్ముడి గొంతు, ఆ రోజు పిల్ల ఆగిన చోటల్లా తానూ ఆగి, ఎదురుచూసింది.