రొట్టె డబ్బాల ప్లాను

బతుకుదెరువుకని పరాయి రాష్ట్రం వచ్చాం. ఖటోదరాలో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో నాది పగటి ఉద్యోగం. మా ఆయనది జోల్వాలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి డ్యూటీ. కోసాడ్ కాలనీలో మాది ఒక్క గది ఇల్లు. నేను వచ్చే వేళకు ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో ఉండేవాడు. ఆయన తిన్న కంచం కడిగి నేనొక్కదాన్నే తినేదాన్ని. ఈ మాత్రం దానికి పెళ్లెందుకని ఒళ్లు మండేది.

ఒకసారి ఆఫీసులో శిక్షణ ఇచ్చారు. ఏ పనికైనా ముందు లక్ష్యం పైన రాసి, కింద నాలుగు గడులు గీసి, బలం, బలహీనత, అవకాశం, ముప్పు నింపుకోవాలట. రొట్టెల వ్యాపారం పెడితే ఇద్దరం ఇంటిపట్టునే ఉంటామని నాకు ఆశ పుట్టింది. సెలవు రోజున కోరాగుడ్డ పరిచి రంగు సుద్దతో గడులు గీశాను.

"గిదేంది, అష్టాచెమ్మ ఆడుదమా?" అన్నాడు.

"తమాషలొద్దు. మన బలమేందో జెప్పు."

"నీ చేతి జొన్నరొట్టె. ఇంకేమున్నది?"

సిగ్గుపడుతూనే రాశాను. ఇద్దరికీ వ్యాపారం తెలియకపోవడం బలహీనత, వీధి చివరి నాష్టా బండి ముప్పు. అవకాశం దగ్గరికొచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోయింది.

"డ్యూటీ మారేటప్పుడే సాంచెల కాడి మనోళ్లకు ఆకలి. డబ్బాలు కట్టియ్యి, జోల్వల నేనిచ్చొస్త."

పైన లక్ష్యం చోటు ఖాళీగానే ఉంది. ఇద్దరం కలిసి తినాలని ఆయన ఎదుట రాయడానికి నాకు మొహం చెల్లలేదు. ఆయనా అడగలేదు.

కొలువులు మానేశాం. ప్లాను మహా బాగా పనిచేసింది! పొద్దున, సాయంత్రం, ఊరంతా తినే వేళకు నేను పొయ్యి దగ్గర, ఆయన డబ్బాలేసుకుని బండి మీద. సాంచెల దగ్గరే దోస్తులతో ఇంత తిని వస్తాడు. వచ్చేసరికి నాకు మళ్లీ పిండి పని. ఒకే ఇంట్లో పనిచేస్తూ మనిషి మీద బెంగ పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నేనేమో.

నిన్న పొద్దున తిరిగొచ్చిన ఖాళీ డబ్బాల్లో ఒకటి బరువుగా తగిలింది. మూత తీస్తే రొట్టె, పప్పు అలాగే ఉన్నాయి.

"ఎవరు తినలేదు?"

"నేనే. ఇయ్యాల నీతోని తిందమని తెచ్చిన. నువ్వు తిన్నవా?"

నేనప్పటికే కడుపునిండా తిన్నాను. తినలేదని చెప్పి రెండు కంచాలు పెట్టాను.