మగ్గం దిగని చీర

పేపర్లో ‘తగు చర్యలు తీసుకోబడును’ అని కనబడితే నేనిక కుదురుగా కూర్చోలేను. లేచి వాకిలి దాకా వెళ్లి వస్తాను. ‘పరిశీలనలో ఉన్నది’, ‘ప్రజలు సహకరించవలెను’, ‘త్వరలోనే’... వీటన్నిటికీ పింఛనిచ్చి ఇంటికి పంపేయాలని నా కోరిక. గొడ్డు ముసలిదైతే కాడి దించుతాం, మాటల మీద మాత్రం మనకా దయ లేదు. ఈ చిరాకు నాకు పుట్టుకతో రాలేదు. ధర్మవరంలో మా నాయన మగ్గం దగ్గర అంటుకుంది.

అవి యుద్ధం రోజులు. హిందూపురం మీదుగా మాకొచ్చే మైసూరు పట్టు పారాచూట్లకు పోతోందన్నారు. మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా నాయన మగ్గం మీద మాత్రం ఒక చీర ఉంది, మా అక్క పెళ్లి చీర. ఊళ్లో ఎందరో పెళ్లికూతుళ్లకు నేసిన మనిషి, దాచుకున్న పట్టుతో మొదటిసారి తన కూతురికి నేస్తున్నాడు. అరిటాకు పచ్చ, ఎర్రంచు. అక్క వంట మధ్యలో చెయ్యి తుడుచుకుని వచ్చి ఆ అంచు తడిమి పోయేది.

ఇంకో బెత్తెడు నేస్తే చీర పూర్తవుతుందనగా నాయన పెనుకొండ ఆఫీసుకు వెళ్లివచ్చాడు. నడిచే మగ్గాలకే పట్టు ఇస్తారని, ఆఫీసరు త్వరలోనే వచ్చి చూస్తాడని అక్కడ చెప్పారట. నేసిన చీర కోశాక, మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతికితేనే మళ్లీ నేత సాగుతుంది. అతకడానికి పట్టు లేదు. అందుకని నాయన ఆ బెత్తెడు నెయ్యలేదు. రోజూ మగ్గం గుంతలో దిగి, అడ్డపోగు నడిపే నాడె చేతిలో పట్టుకుని వీధివైపు చూస్తూ కూర్చునేవాడు.

“పెండ్లి నీ మగ్గం కోసం ఆగదురా. చీర కొయ్యి” అంది అవ్వ.

“కోస్తే మగ్గం బోడిదైతాదమ్మా. ఆఫీసరు చూసినాడంటే పట్టు రాదు. ఇంటిల్లిపాదీ ఏం తినాల? తొందర్లోనే వస్తాడంట.”

“ఆ తొందరకు తిథీ వారమూ ఏమన్నా ఉండాదా?”

నాయన పేపరు తెప్పించి చదివాడు. అందులోనూ త్వరలోనే అని ఉంది.

నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. స్టేషను దాకా పోయి, పెనుకొండ వైపు నుంచి వచ్చే రైలు దిగేవాళ్లలో ఆఫీసరు టోపీ కోసం వెతికేదాన్ని. ఒకసారి టోపీ కనబడితే పరుగెత్తుకొచ్చి చెప్పాను. నాయన గబగబా గుంతలోకి దిగాడు. ఆ టోపీ మనిషి మా గడప ముందు ఆగి, కొత్తచెరువుకు దారేదని అడిగి వెళ్లిపోయాడు.

అక్క మా అమ్మ పాత చీరతో పీటల మీద కూర్చుంది. కొత్త చీర లోపల మగ్గం మీదే ఉంది. అక్క ఏడవలేదు, నాకే ఏడుపొచ్చింది. నాయన మీద కోపం లేదు, కనబడని ఆఫీసరు మీద కూడా లేదు. ఉన్న కోపమంతా ఆ మాట మీదే.

అక్క కడుపుతో పుట్టింటికి వచ్చినప్పుడు వచ్చాడు ఆఫీసరు. అంచు తాకి చూసి, “పైకి రాస్తాం, త్వరలోనే ఇస్తారు” అని పక్కింటికి వెళ్లాడు. ఆ సాయంత్రమే నాయన బెత్తెడూ నేసి చీర కోశాడు. మగ్గం దోనెకు చుట్టి ఉన్న చీర విప్పితే ఎలుక కొరికిన తూటు బయటపడింది. గంజి వాసనకు వచ్చినట్టుంది. అది కొరికింది ఒక్కచోటే, కానీ చుట్టు చుట్టుకూ అదే తూటు, చీర పొడుగునా.

నాయన చీర ఒళ్లో పెట్టుకుని చాలాసేపు మడతలు సర్దాడు.

“పట్టు రానీ తల్లీ. తొందర్లోనే ఇంకోటి నేసిస్తా” అన్నాడు.

అక్క ఆ చీర తీసుకుని భుజాన వేసుకుంది.

“నేను ఇదే కట్టుకుంటా నాయనా. ఆ మాట మాత్రం నువ్వు అనాకు” అంది.