కొవ్వు కరిగించే తీగ

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది. అనకాపల్లి దగ్గరి ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ, అంటే మందు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పే సబ్జెక్టు, బోధిస్తున్నాను. కశింకోట వైపు నుంచి సన్యాసిరావుగారనే చెరకు రైతు గోనెసంచి పట్టుకుని వచ్చారు. అందులో గొలుగొండ కొండల్లో దొరికే ఒక తీగ. ఒంట్లో కొవ్వు కరుగుతుందని తాతగారి కాలం నుంచీ దాని కషాయం ఊళ్లో ఉచితంగా ఇస్తున్నారట.

"నూనెలూ మాంసాలూ తినీసి గుండెపోటుతో పోతన్నారమ్మా. ఇది పన్జేత్తాదని మీరు తేల్చి సెప్తే పదిమందీ తాగుతారు," అన్నారు.

అనుమతులు తీసుకుని ఎలుకలకు కొవ్వు మేత పెట్టాం. కొన్నింటికి తీగ నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్, అంటే సారం, ఇచ్చాం. లిపిడ్ ప్రొఫైల్ చేస్తే రక్తంలో కొలెస్ట్రాల్ నిజంగానే తగ్గింది. విద్యార్థులు సంబరపడ్డారు. కానీ మోతాదు పెంచిన ఎలుకల్లో కాలేయం దెబ్బతింది.

సన్యాసిరావుగారికి రెండు సంగతులూ చెప్పాను.

"మా ఇంటిది రోజూ తాగుతందమ్మా. డాక్టరిచ్చిన మాత్రలు కూడా నేనే మానిపించీసేను."

మర్నాడు ఆయన భార్య నూకరత్నాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం. కళ్లు పచ్చబడి ఉన్నాయి. కాలేయం పరీక్ష బాగా తేడాగా వచ్చింది. అన్నాళ్లు ఎందుకు తాగావని డాక్టరు అడిగితే, "ఆయన కాసి సేతికిత్తన్నాడు గదా, తాగేను," అందామె.

కషాయం ఆపాక మెల్లగా కోలుకుంది. దానివల్లే అలా అయిందని నేను రూఢిగా చెప్పలేనన్నాను. అది నిజమే, కానీ ఆయనను ఓదార్చడానికి కూడా అన్నాను.

"మీకు తెలీదు, నాకూ తెలీదు. తెలీకండానే ఊరందరికీ పోసేను గదమ్మా," అన్నారు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగారు. ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను.

"మీ తాత కాణ్ణించి తాగుతన్నాం. ఇప్పుడిది ఇసమైపోయిందేటి బావా?" అన్నాడొకాయన.

"ఏమో బావా. తేలేదాకా ఒద్దు. డాక్టరిచ్చిన మాత్రలు మానకు. ఓపాలి రక్తం సూపించుకో."

ఆయన ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాడు. సన్యాసిరావుగారు పక్కింటి గడప ముందు నిలబడి మళ్లీ మొదలుపెట్టారు.

మా పరిశోధన వ్యాసం రాసేటప్పుడు, కొవ్వు తగ్గిన సంగతి ముందు వేద్దాం, కాలేయం మాట చివర్లో ఒక వాక్యంలో పెడదాం అన్నారు తోటివాళ్లు. ఒప్పుకోలేదు. రెండూ పక్కపక్కనే రాశాను. మూడు తరాల పేరును గడప గడపకూ వెళ్లి తన నోటితోనే వదులుకున్న మనిషి పక్కన నడిచి వచ్చాక, ఇంకోలా రాయడం నా చేతకాలేదు.