మూడో ప్లాట్‌ఫాం మీద ఫుసాయో సోబా

ఫుసాయో ఇరవై తొమ్మిదేళ్లుగా మూడో ప్లాట్‌ఫాం మీద సోబా నూడుల్స్ ఉడికించి వేడి చారులో వేసి పెడుతోంది. నిలబడి తినిపోయే కొట్టు. ఆవిడ గడియారం కేసి చూసి ఎరగదు. రైలు ఇంకా వంతెన మీద ఉండగానే పాత నేల అదిరేది. ఆ అదురు అరికాళ్లకు తగలగానే సోబా మరిగే నీళ్లలో పడేది. దిగిన మనిషి కొట్టు ముందుకొచ్చేసరికి గిన్నె సిద్ధం. నాలుగు నిమిషాల్లో జుర్రుకుని ఎదుటి బండి ఎక్కేసేవాడు. నోరు తెరిచి అడగాల్సిన పనే ఉండేది కాదు.

స్టేషన్ని కొత్తగా కడుతూ ఆ నేల పీకేశారు. కొట్టును పది గజాల అవతల కాంక్రీటు మీద పెట్టారు. రైలొచ్చి ముందర ఆగినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. మొదటిరోజే సోబా ఆలస్యమై ముగ్గురు సగం గిన్నెలు వదిలి పరుగెత్తారు. మర్నాడు ఊహ మీద ముందే వేస్తే జావైంది. కొట్టు యజమాని నిషియామ మర్యాదగానే చెప్పాడు, శనివారం దాకా చూస్తానని, కుదరకపోతే ఉడికించే మిషను పెడతానని. మిషను చారు రుచి చూస్తుందా అని అడిగింది గానీ, ఆవిడ గొంతులో పస లేదు.

గురువారం కురామోచి వచ్చాడు. పదిహేనేళ్లుగా ఏడూ నలభై బండి దిగి తినే మనిషి. సోబా ఉడుకుతుండగానే ఆయన ఎక్కాల్సిన బండి తలుపులు మూసుకున్నాయి. ఆ వారంలో అది మూడోసారి.

"నా మూలంగా మీకు ఆఫీసులో చీవాట్లు పడుతున్నాయేమో," అంది ఫుసాయో, తలెత్తకుండా.

"ఆఫీసెక్కడిదమ్మా. రిటైరై రెండేళ్లయింది."

"మరి రోజూ ఆ బండెక్కి ఎక్కడికి పోతున్నారు?"

"తరవాతి స్టేషన్లో దిగి వెనక్కి ఇంటికే. మీరు అంత హడావిడిగా పెడుతుంటే తీరిగ్గా తినడం బాగుండదని."

"రెండేళ్లు నోరు కాల్చుకున్నారన్నమాట. చెప్పి ఏడవొచ్చుగా."

"మీరెప్పుడు అడిగారు గనక?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అడక్కుండా పెట్టడమే ఆవిడ గొప్ప. శుక్రవారం ఆ గొప్పని మింగేసి, వచ్చిన ప్రతి మనిషినీ అడిగింది, ఏ బండి, ఎంత టైముందని. తొందరున్నవాళ్లకి ముందు, లేనివాళ్లకి తరవాత. రెండు నిమిషాలే ఉందన్న గుమాస్తాని, రేపు ముందు బండికి తగలడమని కసిరి పంపేసింది. శనివారం నిషియామ రెండు గంటలు స్తంభం పక్కన నిలబడి చూశాడు. బండి తప్పినవాళ్లు లేరు. మిషను మాటెత్తకుండా, తనకీ ఒక గిన్నె పెట్టమన్నాడు.

"మీరెక్కేది ఏ బండి?" అంది ఫుసాయో.

కురామోచికి అందరికన్నా ఆఖర్న పెట్టి, నిదానంగా తినమంది. అలవాటు పడ్డ ప్రాణం. నాలుగు నిమిషాల్లో ఊడ్చేసి, ఇక ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. ఆవిడ ఆ గిన్నెలోనే, తీరికున్నవాళ్లు ఆఖర్న తాగే సోబా ఉడికిన వేడినీళ్లు పోసి, చల్లారాక తాగమంది.