బైండరు దాచిన కాగితం

బైండరు గారికి ఓర్వలేనితనం కొత్తగా వచ్చింది కాదు. చెల్లెలు పుట్టినప్పుడు ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, లోపలికి తొంగి చూసి, "ఇది మనింట్లో ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగాడట. అప్పుడాయనకు నాలుగేళ్ళు. ఇప్పుడు యాభై మూడు. ఈ మధ్యకాలంలో ఆయన ఎవరిమీద కుళ్ళుకోలేదో చెప్పమంటే నాకు ఒక్క పేరూ తోచదు. పక్క దుకాణం జిరాక్సు ఆయనకు ఇంకా జుట్టు ఊడలేదని ఏడుపు. తోడల్లుడికి మోకాళ్ళ నొప్పులు లేవని ఏడుపు. ఒకసారి జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరితే, పక్క మంచం రోగిని చూడ్డానికి ఎక్కువమంది వస్తున్నారని అలిగి, పొద్దుటి మాత్ర వేసుకోనని మొండికేశాడు.

అలాగని చెడ్డవాడేం కాదు. పనిలో ఆయనకు వంక పెట్టేవాళ్ళు లేరు. సందులో మెట్ల కింద చిన్న గది. గోడవారగా అట్టల కట్టలు, కిటికీ దగ్గర కాగితాలు కోసే మిషను, మధ్యలో బల్ల, బల్లమీద జిగురు గిన్నె, మైనం రుద్దిన దారం. ఆయన కుట్టిన పుస్తకాన్ని ఏ పేజీ దగ్గర తెరిచినా అక్కడే తెరుచుకుని ఉంటుంది, టపీమని మూసుకోదు. కాలేజీ పిల్లలు థీసిస్‌లు పట్టుకుని ఊరి ఆ చివర్నుంచి వచ్చేది అందుకే. వచ్చినవన్నీ ఆయన చదివేవాడు. మొదటినుంచి చివరిదాకా కాదు, కుట్టేటప్పుడు చేతికి ఏ పేజీ వస్తే ఆ పేజీ. అందుకని వంతెనల గురించీ, తేనెటీగల గురించీ, బ్యాంకుల గురించీ ఆయనకు ఒక్కో ముక్క తెలుసు.

మూడేళ్ళ కిందట అట్టల బండిలో, కట్టల మధ్య ఒక కుక్కపిల్ల నిద్రపోతూ వచ్చింది. పుస్తకాల వెన్నుకు అంటించే గోధుమరంగు గుడ్డను క్యాలికో అంటారు. దాని ఒళ్ళు సరిగ్గా ఆ రంగే. ఆయన దానికి క్యాలికో అని పేరు పెట్టాడు. దూదితో పాలు పట్టింది ఆయన. టీకాలు వేయించింది ఆయన. రెండు నెలలపాటు గది మూలలన్నీ తుడిచింది ఆయన. యాభై ఏళ్ళ జీవితంలో అన్యులెవరికీ వాటా లేకుండా తనకు దొరికింది అదొక్కటేనని ఆయన నమ్మకం.

ఆ నమ్మకానికి ఆయన బావమరిది గండి కొట్టాడు.

భార్య తమ్ముడు. ఊళ్ళో ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పుతాడు కాబట్టి అందరూ ఈత మాస్టారంటారు. ఆరడుగుల మనిషి. నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు పిల్లలు, తర్వాత ముసలివాళ్ళు, ఆఖరికి పిల్లులు కూడా అతని చుట్టూ చేరతాయి. ఇలాంటి మనిషిని బైండరు గారు పదిహేనేళ్ళుగా భరిస్తున్నాడు. అతను ఒక ఆదివారం కుక్కను స్కూటరు ముందు నిలబెట్టుకుని కాలవకు తీసుకెళ్ళాడు. కర్ర విసిరాడు. అది గట్టుమీంచి దూకి బుడుంగుమని మునిగి, కర్రతో సహా తేలింది. సాయంత్రం ఇద్దరూ తడిసి ముద్దై వచ్చేసరికి దాని పేరు బుడుంగు అయిపోయింది. ఆ తర్వాత బైండరు క్యాలికో అని పిలిస్తే చెవి కూడా కదిపేది కాదు.

ఆయన తెగ బాధపడ్డాడు. ఆయనకు ఈత రాదు సరికదా, మోకాలి లోతు నీళ్ళంటే కూడా భయం. ఆదివారం మూడింటికి, స్కూటరు ఇంకా సందు మలుపు తిరగకముందే, కుక్క లేచి గుమ్మంలో నిలబడేది. బైండరు కోడిగుడ్డు ఉడకబెట్టి ఒలిచి పెట్టేవాడు. అది గుడ్డు తినేసి స్కూటరెక్కేది.

పళ్ళు నూరుకుని ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. స్కూటరు పొగకు కుక్కల కళ్ళు పోతాయని భార్యతో చెప్పాడు. కొలను నీళ్ళలో కలిపే మందు వాసన తగిలితే గజ్జి వస్తుందన్నాడు. ఈత కొట్టే కుక్కలకు చెవుడు వస్తుందని ఎవరో డాక్టరు రాశాడన్నాడు. ఏ డాక్టరూ రాయలేదు. అవన్నీ బల్ల దగ్గర కూచుని ఆయనే అల్లాడు. భార్యకు ఆ సంగతి తెలుసు. తమ్ముడికీ తెలుసు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు.

ఈ వేసవిలో మరమ్మతులకని కాలవ కట్టేశారు. ఈత మాస్టారు ఊరవతల మూతపడ్డ రాతి క్వారీ కనిపెట్టాడు. ఎప్పటివో వాననీళ్ళు గుంటలో నిలిచిపోయి ఉన్నాయి, లోతుంది, జనం ఉండరు. రెండు ఆదివారాలు అక్కడే ఈత.

మూడో వారం, మంగళవారంనాడు, పశువైద్య కాలేజీ అమ్మాయి థీసిస్ అయిదు ప్రతులు కుట్టడానికి వచ్చాయి. వాటితోపాటు ముద్రణ చెడిపోయిన పేజీలు కొన్ని. వాటిని బైండరు చిత్తుకాగితాల్లో పడేస్తూ ఒకటి చదివాడు. నిలవ నీళ్ళలో ఈదిన కుక్కల గురించి. ఎండలు ముదిరినప్పుడు కదలని నీళ్ళమీద ఆకుపచ్చని తెట్టె కడుతుందట, పెయింటు ఒలికినట్టు. ఈదేటప్పుడు కుక్క ఆ నీళ్ళు మింగుతుంది. అది చాలక, బయటికొచ్చాక ఒంటికంటిన తెట్టెను నాకుతుంది. కొన్నిసార్లు గంటలోపే వాంతులు, చొంగ, వణుకు. విషం కాలేయానికి తగిలితే బతకడం కష్టం. విరుగుడు మందు లేదు. నీళ్ళలోంచి రాగానే మంచినీళ్ళతో కడగాలి, నాకనివ్వకూడదు.

ఆయన ఆ పేజీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం బావమరిది భోజనానికి వచ్చాడు. బైండరు గొంతు సవరించుకుని, "ఆ క్వారీ నీళ్ళు మంచివి కావు. కుక్కలకు విషం" అన్నాడు.

"పోయినసారి చెవుడన్నావు కదా బావా" అన్నాడు ఈత మాస్టారు, నవ్వుతూ.

"ఇది నిజం."

"మీకు వాడంటే గిట్టదు, అంతే" అంది భార్య. "అన్నం తినండి."

బైండరు చెయ్యి జేబుదాకా వెళ్ళింది. కాగితం తీసి బల్లమీద పెడితే అయిపోయేది. పెట్టలేదు. ఎందుకంటే, పెడితే ఏమవుతుంది? బావమరిది చదివి, "అయ్యో, మంచి మాట చెప్పావు బావా" అని ఇంకో చోటు వెతుక్కుంటాడు. ఆదివారాలు మళ్ళీ అతనివే. అదే కుక్కకు ఒకసారి, కాస్తంటే కాస్త, ఒంట్లో బాగోకపోతే? ఒక్క వాంతి చాలు. అప్పుడు ఎవరి మాట నిజమో తెలుస్తుంది, ఈతా గీతా ఆగిపోతాయి. ఒక్క వాంతికి కుక్కలు చస్తాయా? ఇలా తనకు తానే నచ్చజెప్పుకుని ఆయన చేతిని మళ్ళీ కంచం దగ్గరికి తెచ్చుకున్నాడు. నాకు ఆయన మీద జాలి ఉంది గానీ, ఈ చోట మాత్రం లేదు.

ఆదివారం ఎండ మండిపోయింది. అయిదింటికి బావమరిది కుక్కను గదిముందు దింపి, కొలను దగ్గర క్లాసుందని స్కూటరు దిగకుండానే వెళ్ళిపోయాడు. కుక్క ఆయన్ను దాటుకుని వెళ్ళి బల్లకింద పడుకుంది. పొట్టకింద బొచ్చు ఆకుపచ్చగా అట్టలు కట్టి ఉంది. అది తీరిగ్గా నాకడం మొదలెట్టింది. బైండరు సూదిలో దారం ఎక్కిస్తూ చూశాడు. లేచి కుండలో నీళ్ళు తెచ్చి కడిగితే సరిపోయేది. "వాడి కుక్కేగా, వాడొచ్చి కడుక్కుంటాడు" అనుకున్నాడు. ఒక పుస్తకం కుట్టడం పూర్తిచేశాడు.

అరగంటకు అది వాంతి చేసుకుంది. చెప్పొద్దూ, ఆ క్షణాన ఆయనకు సంతోషమేసింది. ఇక రానీ, ఏమంటాడో చూద్దాం అనుకుంటూ గుడ్డముక్క కోసం లేచాడు. వెనక్కి తిరిగేసరికి కుక్క లేవబోయి పక్కకు ఒరిగింది. మళ్ళీ లేవబోయింది. వెనక కాళ్ళు నిలవలేదు. నోట్లోంచి చొంగ తీగలా సాగుతోంది, ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. అప్పుడు కూడా అది ఆయన మొహంలోకే చూసింది.

బైండరు గుడ్డముక్క అక్కడే పారేశాడు. బకెట్టు నీళ్ళు దానిమీద గుమ్మరించి సబ్బుతో రుద్దాడు, అట్టలు తడిసిపోయినా చూసుకోలేదు. దుప్పట్లో చుట్టి, ఎత్తుకుని, సందులో పరిగెత్తాడు. ఆటో ఎక్కి భార్యకు ఫోను చేశాడు. ఆమె తమ్ముడికి చేసింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చిగుళ్ళు చూసి, పొట్ట నొక్కి, "ఏం తింది? ఎలుకల మందు లాంటిది ఏమన్నా తిందా?" అని అడిగింది.

"ఏమీ తినలేదండీ" అన్నాడు ఈత మాస్టారు. తడి జుట్టుతోనే పరిగెత్తుకొచ్చాడు. "క్వారీలో ఈదిందంతే. నీళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి, పాచే కదా అనుకున్నాను."

బైండరు జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. డాక్టరమ్మ నిలబడే చదివింది. "ఇదే అయ్యుండాలి. కడిగి తీసుకొచ్చారు, మంచి పని చేశారు" అని కాంపౌండరును పిలిచి, బొగ్గుపొడి కలిపిన మందు పట్టించమంది, సెలైను పెట్టమంది. విరుగుడు లేదని, చేయగలిగింది చేస్తామని చెప్పింది. ఈత మాస్టారు లోపలికెళ్ళి సెలైను కాలు కదలకుండా పట్టుకుని కూచున్నాడు.

బయట బెంచీమీద భార్యాభర్తలే మిగిలారు. కాగితం ఆమె చేతికొచ్చింది. ఆమె దాన్ని చదవలేదు. మడతలు చూసింది. నాలుగైదు రోజులు జేబులో చెమటకు నాని, మడతల దగ్గర నలిగి చిరుగుపట్టి ఉంది.

"ఇది మీ దగ్గరికెప్పుడొచ్చింది?"

ఆయన లోపలి గది తలుపుకేసి చూశాడు.

"మిమ్మల్నే."

"మంగళవారం."

ఆమె కాగితాన్ని ఆయన ఒళ్ళో పెట్టి, లేచి, దూరంగా ఉన్న బెంచీమీద కూచుంది.

ఆ సాయంత్రం ఈత మాస్టారు బావ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. "నువ్వు చెప్పావు బావా. నేనే వినలేదు. ఇక దాని జోలికి రాను" అన్నాడు. అక్క తమ్ముడికి ఏమీ చెప్పలేదు. మొగుడికేసి చూసిందంతే. మీరు చెబుతారా అని అందులో ఉంది. ఆయన చెప్పలేదు.

మూడోరోజు కుక్కను మెట్ల కింద గదికి తెచ్చుకున్నారు. కళ్ళలో తెల్లగుడ్డు పసుపు తిరిగింది. మెత్తగా ఉడికించిన తిండి రెండు గంటలకోసారి పెట్టమని, తనంతట తాను తింటే ఆశ ఉందని డాక్టరమ్మ అంది. బైండరు పని మూసేసి దాని పక్కనే కూచున్నాడు. పిలిచాడు, బతిమాలాడు, పళ్ళ సందున చెంచా పెట్టి రెండు చుక్కలు పోశాడు. అది మింగలేదు. ఇప్పుడు ఆ కుక్కకు ఆయన తప్ప ఎవరూ లేరు. బావమరిది మాట మీద నిలబడి అటు తొంగి చూడలేదు. భార్య కంచం పెట్టి వెళ్ళిపోతోంది, మాట లేదు. ఆయన కోరుకున్నది ఆయనకు అక్షరాలా దక్కింది.

ఆదివారం మూడింటికి కుక్క తలెత్తింది. గుమ్మం కేసి చాలాసేపు చూసి, గడ్డం మళ్ళీ నేలమీద పెట్టుకుంది. ఆయన చెప్పులేసుకుని బయల్దేరాడు.

కొలను నిండా పిల్లలు, చెవులు చిల్లులుపడే గోల. ఈత మాస్టారు మధ్యలో ఒక పిల్లను పొట్టకింద పట్టుకుని కాళ్ళు ఆడించమంటున్నాడు. కేకేస్తే వినపడదు. బైండరు తడి గట్టుమీద గోడ పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి, నీళ్ళ అంచున గొంతుక్కూచున్నాడు. బావమరిది చూసి, పిల్లను గట్టెక్కించి, ఈదుకుంటూ వచ్చాడు.

"పోయిందా బావా?"

"లేదు. తినడం లేదు. ఆ కాగితం నీకు ముందే చూపించాల్సింది. నువ్వు భోజనానికొచ్చిన రోజు నా జేబులోనే ఉంది. ఆదివారం అది ఒళ్ళు నాక్కుంటుంటే కూడా చూస్తూ కూచున్నాను."

"ఎందుకు?"

"దానికి నువ్వంటే ఇష్టమని."

ఈత మాస్టారు గట్టు అంచు పట్టుకుని ఆయన మొహంలోకి చూశాడు. అతని మొహంలో కోపం బైండరు చూడటం అదే మొదటిసారి. తర్వాత అతను గట్టెక్కి, పిల్లలందర్నీ నీళ్ళలోంచి బయటికి పంపి, చొక్కా తొడుక్కుని, స్కూటరు తీశాడు. ఎక్కమని అనలేదు, వద్దనీ అనలేదు. బైండరు వెనక ఎక్కాడు.

మెట్ల కింద గదిలో కుక్క తోక నేలమీద రెండుసార్లు తట్టుకుంది. ఈత మాస్టారు నేలమీద చతికిలబడి గిన్నెలోంచి ఒక ముద్ద తీసి దాని మూతి దగ్గర పెట్టాడు. అది వాసన చూసింది. నెమ్మదిగా నాలుక చాపి తింది. ఇన్ని రోజులూ బైండరు చేతిలో ఒక్క మెతుకు ముట్టని కుక్క.

బైండరుకు ఒళ్ళు భగ్గుమంది. అవును, అప్పుడు కూడా. గుమ్మం పట్టుకుని మొహం సందులోకి తిప్పుకున్నాడు. వెనక అది రెండో ముద్ద నములుతున్న చప్పుడు వినిపించింది. ఆయన లోపలికొచ్చి, గిన్నె దగ్గర కూచుని, మూడో ముద్ద మెత్తగా పిసికి, బావమరిది అరచేతిలో పెట్టాడు.